తా రీచ్ మీద నింద

అంకోర్ వాట్ కట్టడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టిందంటారు. నేను మూడు గంటల్లో చూపించేస్తాను. ఇరవై ఒక్క ఏళ్లుగా అదే నా బతుకు. లేత గోధుమరంగు చొక్కా, మెడలో లైసెన్సు కార్డు, చేతిలో ఎత్తి పట్టుకోవడానికి ఒక గొడుగు. ఈ రాయి మీద నిలబడితే ఐదు శిఖరాలూ ఫోటోలో పడతాయి, ఆ రాయి మీద నిలబడితే మూడే పడతాయి అని చెప్పడానికి ప్రభుత్వం నాకు పరీక్ష పెట్టి మరీ అనుమతి ఇచ్చింది. ఇండియా నుంచి వచ్చినవాళ్లు "ఇదంతా మావాళ్లు కట్టిందే" అని నాకే చెబుతారు, ఆ తర్వాత శాకాహారం ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. మొదటిదానికి నవ్వుతాను, రెండోదానికి దారి చూపిస్తాను.

చివర్లో అందరినీ ప్రతిధ్వని గదికి తీసుకెళ్తాను. అక్కడ గోడకు వీపు ఆనించి గుండె మీద పిడికిలితో కొట్టుకుంటే గది మొత్తం మోగుతుంది. అరిచినా, చప్పట్లు కొట్టినా మోగదు. ఏడుసార్లు కొట్టుకుంటే దరిద్రం వదులుతుందని మా నమ్మకం. వాళ్లు కొట్టుకోవడం అయ్యాక నా కథ చెబుతాను.

"పెళ్లికాని జంట కలిసి ఈ గుడికి రాకూడదు. వస్తే విడిపోతారు. నేను సంబత్ అనే కుర్రాడితో వచ్చాను. నిశ్చితార్థం అయింది, కార్డులు అచ్చయ్యాయి. అతని అమ్మమ్మ మొక్కు ఉందన్నాడు, తీర్చకపోతే పాపమన్నాడు. ఎంత భక్తి అనుకున్నాను. పదిహేను రోజుల్లో సంబంధం తప్పిపోయింది. అది జరిగి ఇరవై నాలుగేళ్లు. నాకిప్పుడు నలభై ఆరు. ఇంకా ఒంటరిగానే ఉన్నాను."

ఇక్కడ ఆగుతాను. ఆడవాళ్లు నిట్టూరుస్తారు. ఒక జపాన్ పెద్దావిడ నన్ను కౌగలించుకుని ఏడ్చింది కూడా. సంబత్ నాలుగు నెలల్లోనే బట్టంబాంగ్ అమ్మాయిని చేసుకుని అక్కడే స్థిరపడ్డాడన్న సంగతి మాత్రం కథలో చెప్పను. దానికి మా అమ్మ వివరణ మా అమ్మకి ఉండేది: "ఆ పిల్లని గుడికి తీసుకురాలేదు, అందుకే నిలబడింది."

ఇంత చరిత్ర ఉన్నదాన్ని కాబట్టి, మా అక్క కూతురు చెందా వచ్చి "పిన్నీ, నన్నూ రత్థానీ అంకోర్ వాట్ తిప్పాలి" అన్నప్పుడు నా చేతిలో కాఫీ గ్లాసు ఒలికింది.

"పెళ్లి ఇంకా రెండు నెలలుందే! మతి పోయిందా?"

"నేను కాదు పిన్నీ, అత్తగారి మొక్కు. తొంభై రోజుల్లో తీర్చాలట."

చెందా గుడి రాళ్ల మరమ్మతు బృందంలో పని చేస్తుంది. పళ్లు తోముకునే బ్రష్షు లాంటిదాన్ని పట్టుకుని తొమ్మిది వందల ఏళ్ల నాచును గోకే ఉద్యోగం. రోజుకు జానెడు రాయి శుభ్రం చేసి రాజ్యం గెలిచినట్టు ఇంటికొస్తుంది. రత్థాది నాంపెన్‌లో కళ్లద్దాల దుకాణం. వాళ్లమ్మ కుంథియా గారికి అక్కడి మార్కెట్లో పట్టుబట్టల కొట్టు ఉంది, నోరు కూడా ఉంది. కొడుక్కి ముప్పై మూడు దాటుతుంటే ఆవిడ కంగారుపడి, అంకోర్ వాట్ ద్వారంలో ఉండే మా తాత దేవుడు తా రీచ్‌కు మొక్కుకుంది. 'మంచి ఇంటి పిల్ల ఒప్పుకుంటే, ఒప్పుకున్న తొంభై రోజుల్లో పిల్లాణ్ణీ పిల్లనీ నీ ముందు నిలబెట్టి పంది తల సమర్పిస్తాను' అని. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు దీక్షలో ఉంటారు, మా ఇళ్లలో పెళ్లిళ్లు చేయరు అన్న ముక్క మొక్కుకునేటప్పుడు గుర్తులేదు. పెళ్లి దీక్ష తర్వాతికి వెళ్లింది. తొంభై రోజులు దీక్ష మధ్యలోనే పూర్తవుతున్నాయి. మొక్కు తీర్చకపోతే తాతకి కోపం, పెళ్లికాని జంటను తెస్తే పెళ్లికి ముప్పు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ మధ్యలో గైడు కావలసి వచ్చింది, పైగా ఊరికే వచ్చే గైడు.

ఆదివారం పొద్దున ఆరున్నరకు పడమటి ద్వారం దగ్గర కలిశాం. కుంథియా గారు ఊదారంగు పట్టు లుంగీ కట్టి, నెత్తిన టోపీ పెట్టి, చేతుల్లో ఒక స్టీలు పళ్లెం పట్టుకుని వ్యానులోంచి దిగారు. పళ్లెంలో ఉడికించిన పంది తల. దాని మీద మెరిసే పల్చటి కాగితం చుట్టి ఉంది. నోట్లో ఒక గులాబీ. ఆవిడ వెనక రత్థా అరటిగెల మోస్తూ దిగాడు. సన్నటి మనిషి, చెవులు కొంచెం పెద్దవి. నన్ను చూసి గెల కింద పెట్టి మరీ రెండు చేతులూ జోడించాడు.

"చూడండి వదినగారూ," అన్నారు కుంథియా గారు, "మా పేట ఆచారి గారిని అడిగాను. ఇద్దరూ పక్కపక్కన నడిస్తేనే జంట కిందికి వస్తుందిట. మధ్యలో పెద్దవాళ్లుంటే కుటుంబం కిందికి వస్తుందిట. కాబట్టి మధ్యలో నేను నడుస్తాను. వాడు కుడిపక్క, పిల్ల ఎడంపక్క. మీరు ముందు."

"తాత లెక్క అంత కచ్చితంగా చూస్తాడంటారా?"

"ఎనిమిది చేతులున్నాయి కదమ్మా, ఒక్కదానితోనైనా రాసుకోడూ!"

అలా బయల్దేరాం. ముందు గొడుగుతో నేను, వెనక పంది తలతో ఆవిడ, అటు అరటిగెల, ఇటు తామరమొగ్గలు పట్టుకున్న మా చెందా. ఫ్రెంచి వాళ్లు మా ఊరేగింపుని ఫోటో తీశారు.

ద్వారం లోపల కుడివైపు తా రీచ్ నిలబడి ఉంటాడు. శిల్పం విష్ణువుదే. గైడ్ పరీక్షలో అలాగే రాశాను, మార్కులు కూడా పడ్డాయి. కానీ మాకు ఆయన తాత. నారింజరంగు శాటిన్ కప్పుతాం, అగరొత్తులు పెడతాం, కోడినో పందినో పెడతాం. విష్ణువుకి పంది తలేమిటని ఒక ఇండియా ఆయన నన్ను కోప్పడ్డాడు. తానే ఒకప్పుడు వరాహంగా వచ్చిన దేవుడు కదండీ, ఆయనకి లేని అభ్యంతరం మీకెందుకన్నాను. ఆయన రేటింగులో ఒక్క నక్షత్రమే ఇచ్చాడు.

కుంథియా గారు పళ్లెం పెట్టి మోకాళ్ల మీద కూర్చుని గట్టిగా ప్రార్థించారు. "తాతా, అన్న మాట ప్రకారం ఇద్దరినీ తెచ్చాను. చూసుకో. ఇద్దరి మధ్యా నేనున్నాను, అది కూడా చూసుకో." చెందా కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టింది. అంతసేపు ఏం కోరుకుంటోందా అని నాకు ముచ్చటేసింది.

మొక్కు అయిపోయింది, ఇంటికెళ్లి కాస్త అన్నం, పంది మాంసం తిందాం అనుకుంటే, కుంథియా గారు చుట్టూ చూసి, "ఇంత దూరం వచ్చాం, ఎలాగూ మీరున్నారు. ఆ మూడు గంటలది చూపించండి," అన్నారు.

చూపించాను. లోపలి చెరువు దగ్గరకు రాగానే, అప్పటిదాకా తుంపరగా పడుతున్న వాన వెలిసి ఎండ వచ్చింది. ఐదు శిఖరాలూ నీళ్లలో తలకిందులుగా పడ్డాయి. కుంథియా గారికి పూనకం వచ్చింది. ఫోన్ తీసి, "రత్థా, అక్కడ నిలబడు! చెందా, నువ్వు వాడి పక్కన! ఇంకా దగ్గరికి. ఇంకా! ఏమిటే, గోపురం మీ మధ్యలో దూరుతోంది, జరుగు!" అని అరిచారు. ఇద్దరి భుజాలూ తగిలేదాకా జరిపి తొమ్మిది ఫోటోలు తీశారు. పొద్దుట్నుంచీ పంది తలతో సహా కాపలా కాసిన మనిషి! చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. వియ్యపురాలి తప్పు ఎత్తిచూపితే ఏమవుతుందో మా అక్క నాకు ముందే చెప్పి పంపించింది.

తర్వాత వసారాల గోడల మీద చెక్కిన కురుక్షేత్రం. భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడని చెబితే, కుంథియా గారు ఆ రాయి తడిమి, "ఎవరూ ఒక దిండు కూడా ఇవ్వలేదా?" అన్నారు. రత్థా మాత్రం ప్రతి బొమ్మ దగ్గరా ఆగి అడిగేవాడు. ఈ గుర్రం కళ్లకు గంతలెందుకు, ఈ రాయి ఇంత నున్నగా ఎందుకుంది. నున్నదనానికి జనం చేతులు కారణమని చెందా చెప్పింది. "మరి నువ్వు శుభ్రం చేసింది ఏది?" అన్నాడు. వాళ్లమ్మ తల మీదుగానే అడగాల్సి వచ్చింది. చెందా ఎత్తులో ఒక మూల చూపించింది. అతను కళ్లద్దాలు సర్దుకుని ఆ మూలను నిజంగా చూశాడు. మంచివాడే అనుకున్నాను. చెందా చూపు మాత్రం చేతి గడియారం మీద ఉంది.

తూర్పు వసారాలో పాలసముద్రం చిలుకుతున్న బొమ్మ ఉంది. ఇటు రాక్షసులు, అటు దేవతలు, మధ్యలో విష్ణువు. మాలోనూ ఇటు చెందా, అటు రత్థా, మధ్యలో కుంథియా గారు. ఆవిడకి కాళ్లు లాగి గట్టు మీద కూలబడ్డారు. పిల్లలిద్దరినీ చెరో స్తంభం దగ్గరకు పంపి, నేనిచ్చిన మంచినీళ్లు తాగుతూ అన్నారు:

"మీ పిల్ల బంగారం వదినగారూ. నిజం చెప్పొద్దూ, ఈ తొంభై రోజుల సంగతి నేను మర్చేపోయాను. పెళ్లయ్యాకే తీరుద్దాంలే అనుకున్నాను. తనే ఫోన్ చేసింది. 'అత్తయ్యా, గడువు దగ్గరకొచ్చింది, తీర్చకపోతే పాపం' అని. కార్డులు అచ్చుకెళ్లిన రోజే చేసింది. ఎంత భక్తి!"

ఎంత భక్తి. ఆ రెండు మాటలూ నేను ఎన్ని వేలసార్లు చెప్పానో. రోజుకి రెండుసార్లు, ఇంగ్లీషులో ఒకసారి, జపాన్ భాషలో ఒకసారి.

చెందా చెయ్యి పట్టుకుని మూల మలుపు దాకా లాక్కెళ్లాను.

"అత్తగారి మొక్కు అన్నావు. గుర్తుచేసింది నువ్వేనట."

"అయితే?"

"నా మొహం చూసి చెప్పు. సంబంధం చెడిపోవాలని తెచ్చావు కదూ?"

అది తల దించుకోలేదు. మా అక్క పోలిక కాదది, నా పోలికే. "ఏం చెయ్యమంటావు పిన్నీ? రత్థా మంచోడే. కానీ నాకు పెళ్లి చేసుకోవాలని లేదు. చేసుకుంటే నాంపెన్ వెళ్లి ఆవిడ కొట్లో కూర్చుని పట్టుబట్టలు మడతపెట్టాలి. నా రాళ్లు వదిలేయాలి. అమ్మతో చెప్తే కార్డులు అచ్చయ్యాయి, పరువు పోతుంది, గుండె ఆగిపోతుంది అంటుంది. అదే తాత వద్దన్నాడంటే ఎవరి తప్పూ లేదు. పాము చావదు, కర్ర విరగదు."

"ఇంత తెలివి ఎక్కడిదే నీకు?"

"అదేంటి, నీ కథేగా!" అంది ఆశ్చర్యంగా. "చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆ సంబత్‌ని ఊళ్లో ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు కదా. అందరూ నిన్ను చూసి అయ్యో అన్నారు, తాతని చూసి భయపడ్డారు. అతను హాయిగా బయటపడ్డాడు..." అని నా మొహం చూసి ఆగిపోయింది. "పిన్నీ, నీకు తెలీదా? నీకు తెలిసే అలా చెప్తున్నావనుకున్నాను. టూరిస్టుల కోసం."

నాకు తెలీదు. ఇరవై నాలుగేళ్లుగా తెలీదు. అమ్మమ్మ మొక్కు పంది తల అన్నవాడు ఆ రోజు చేత్తో పట్టుకొచ్చింది ఒక అత్తం అరటిపళ్లు. దారంతా గడియారం చూసుకున్నాడు. ఇంటికి దిగబెడుతూ "ఏం జరిగినా మన చేతుల్లో లేదు మాలిస్" అన్నాడు. అంతటి వేదాంతం ఎందుకొచ్చిందో నేను అడగలేదు. ఆ తర్వాత రాత్రులు కూర్చుని గుళ్లో ఏ గడప కుడికాలితో దాటానో, ఏది ఎడమకాలితో దాటానో లెక్కేసుకున్నాను. నా తప్పేమైనా ఉందేమోనని. రెండు సంబంధాలు వస్తే, నా మీద తాత కన్నుందని నేనే వద్దన్నాను.

ఏడుపొచ్చింది. దానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. చుట్టూ చూస్తే కొట్టడానికి సంబత్ లేడు. చెందా ఉంది, కానీ దానికి ఇరవై ఆరేళ్లు, ఆ చేతివేళ్ల నిండా నాచు మరకలు.

"పెళ్లి వద్దంటే మానెయ్," అన్నాను. "మీ అమ్మ గుండె సంగతి నేను చూసుకుంటాను. దానిది నాకంటే గట్టి గుండె. కానీ ఆ అబ్బాయికి నీ నోటితో నువ్వే చెప్పాలి. ఇవాళే, ఇక్కడే. రాతి వెనక దాక్కుంటే ఊరుకోను."

"భయమేస్తోంది పిన్నీ."

"వెయ్యనీ. లేకపోతే ఇంకో ఇరవై నాలుగేళ్లకి వాడు ఎవడికో కళ్లద్దాలు అమ్ముతూ ఈ కథే చెప్పుకుంటాడు. వాణ్ణి చూసి కూడా ఎవరో అయ్యో అంటారు. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ప్రతిధ్వని గదికి తీసుకెళ్లాను. ఏడుసార్లు గుండె మీద కొట్టుకుంటే దరిద్రం పోతుందని చెప్పగానే కుంథియా గారు ముందుకొచ్చారు. "కొట్టు గిరాకీ కోసం ఏడు, పెళ్లి కోసం ఏడు," అని మొదలుపెట్టారు. గది డమడమా మోగింది. ఆ మోతలో చెందా రత్థాని గుమ్మం అవతలికి పిలిచింది. నేను గుమ్మానికి అడ్డంగా గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మాటలన్నీ వినిపించాయి. వినకూడదని నేనేమీ ప్రయత్నించలేదు.

అది తొట్రుపడింది. అయినా అంతా చెప్పింది. పెళ్లి వద్దని, అతని తప్పేమీ లేదని, గుడికి తెచ్చింది ఎందుకో కూడా. రత్థా కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"బాధగానే ఉంది," అన్నాడు. "నువ్వు దారంతా గడియారం చూసుకుంటుంటే నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నాను. పోనీలే, ఇక వెతుక్కోనక్కర్లేదు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "అమ్మకి మాత్రం తాతే అని చెబుదాం. నీ పేరు చెబితే మార్కెట్ అంతా తిడుతుంది. తాతనైతే తిట్టలేదు," అన్నాడు.

లోపల పద్నాలుగో దెబ్బ పడింది. "బాగా మోగింది వదినగారూ! శుభం!" అని కేకేశారు కుంథియా గారు.

నేను ఒక్కసారి కూడా చూడని సంబత్ అమ్మమ్మనీ, ఆవిడ మొక్కునీ తలుచుకుంటూ వాళ్లను వ్యాను ఎక్కించాను. రత్థా నాకు మళ్లీ రెండు చేతులూ జోడించాడు. ఈసారి అతని చేతుల్లో గెల లేదు.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. అబ్బాయి పెళ్లి వద్దంటున్నాడని కుంథియా గారు భోరుమన్నారు. నేను ఓదార్చేలోపే కారణం కూడా ఆవిడే చెప్పారు. "ఫోటో వదినగారూ, ఫోటో! చెరువు దగ్గర పక్కపక్కన నిలబెట్టింది నేనే! దగ్గరికి జరగమన్నది నేనే! ఆ గోపురాల మోజులో కళ్లు మూసుకుపోయాయి!" మా అక్క రెండు రోజులు అన్నం తినలేదు, మూడో రోజు ఆ రెండు రోజులదీ కలిపి తింది. "మన ఇంటి ఆడపిల్లలంటే ఆ తాతకి పడదే," అని నిట్టూర్చింది. చెందా ఆ పక్కనే కూర్చుని గోళ్లలో నాచు తీసుకుంటోంది. రత్థా అడిగిన మాట కోసం నేను నోరు మూసుకున్నాను.

మర్నాడు నాకు తొమ్మిదిమంది ఆస్ట్రేలియా వాళ్లు పడ్డారు. చెరువు, కురుక్షేత్రం, పాలసముద్రం, ప్రతిధ్వని గది. అందరూ గుండెలు కొట్టుకున్నారు. నా కథ మొదలుపెట్టాను. అలవాటైన నోరు "ఎంత భక్తి అనుకున్నాను" దాకా దానంతట అదే వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

"భక్తి కాదు," అన్నాను. "అతనికి నేను అక్కర్లేదు. ఆ మాట నా మొహం మీద చెప్పే ధైర్యం లేక నన్ను ఇక్కడికి తెచ్చాడు. ఈ గుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు."

ఎవరూ నిట్టూర్చలేదు. ఇంకేదో ఉంటుందని కాసేపు నా వైపు చూశారు. తర్వాత ఒకావిడ మరుగుదొడ్డి ఎటని అడిగింది. చూపించాను.

వాళ్లను బస్సెక్కించి, ద్వారం బయట ఒక అత్తం అరటిపళ్లు, మూడు అగరొత్తులు కొని వెనక్కి వచ్చాను. మధ్యాహ్నం ఎండకి జనం పల్చబడ్డారు. తాత నారింజరంగు శాటిన్‌లో ఎప్పట్లాగే నిలబడి ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని పళ్లు ముందు పెట్టాను.

"తాతా, ఇరవై నాలుగేళ్లు నీ మీద నింద వేశాను. దేశదేశాల వాళ్లకి చెప్పాను. తప్పయిపోయింది."

అగరొత్తుల బూడిద ఊడ్చే ముసలాయన చీపురు ఆపి నన్ను చూశాడు. "ఏం మొక్కమ్మా?"

"మొక్కు కాదండీ, క్షమాపణ."

"అంత పెద్దదా? అయితే అరటిపళ్లు చాలవు. పంది తల తేవాలి."

"అది తేవాల్సినవాడు బట్టంబాంగ్‌లో ఉన్నాడు," అని అగరొత్తులు వెలిగించాను.